ల్యాబులో తరిమేసిన బుడగ

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు ఫోన్ చేసినప్పుడు, బడి జ్ఞాపకాలు మాత్రం రాయనని ముందే చెప్పాను. ప్రార్థన గంట, మైదానంలో చెట్టు నీడ, లెక్కల సారు బెత్తం... వీటి గురించి నాకన్నా బాగా రాసేవాళ్ళు మన బ్యాచ్‌ల్లో చాలామంది ఉన్నారు. నేను ముప్పయ్యేళ్ళకు పైగా డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. అందుకని ఒక బుడగ చరిత్ర రాస్తాను. మన బడి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, యూనివర్సిటీ క్యాంపస్‌లో అది నాకు మొదటిసారి తారసపడింది. ఏళ్ళు గడిచాక గుండె జబ్బుల పుస్తకాల్లో మళ్ళీ ఎదురైంది. ఈ రెంటికీ మధ్య మన బెంచి మిత్రుడొకడు మనల్ని విడిచి వెళ్ళాడు. అతని పేరు రాయను. మా బ్యాచ్ వాళ్ళకు తెలుస్తుంది, అది చాలు.

ఉస్మానియాలో ఎం.ఎస్సీ. చదివేటప్పుడు అతిధ్వనుల ప్రయోగం ఒకటి ఉండేది. గుప్పిట్లో పట్టేంత స్టీలు గిన్నె, దాని అడుగున క్వార్ట్జ్ పలక, పైన మైక్రోమీటరు స్క్రూ. పలకకు కరెంటు ఇస్తే అది సెకనుకు 20 లక్షల సార్లు కంపిస్తుంది, అంటే 2 మెగాహెర్ట్జ్. మనిషి చెవి 20 వేల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఏమీ వినపడదు. గిన్నెలో నీళ్ళు పోసి స్క్రూ తిప్పుతూ పోతే, మిల్లీమీటరులో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ దూరానికి ఒకసారి మీటరు ముల్లు లేచి పడుతుంది. ఆ దూరాన్ని బట్టి నీటిలో ధ్వని వేగం సెకనుకు దాదాపు 1500 మీటర్లని లెక్క తేలుతుంది.

నాకు మొదటిరోజు తేలలేదు. ముల్లు పిచ్చిపట్టినట్టు ఊగింది. మా ల్యాబ్ అటెండర్ దూరం నుంచే చూసి, ‘‘జర్ర వేలుతోటి కొట్టు బాబూ, బుడగ పోతది’’ అన్నాడు. కొట్టాను. గిన్నె గోడకు అంటుకున్న గాలిబుడగ ఒకటి పైకి తేలి పోయింది. ముల్లు దారికొచ్చింది. నీళ్ళలో వెళ్ళే ధ్వనికి గాలిబుడగ అడ్డు వస్తే అది దాదాపు గోడకు తగిలినట్టే వెనక్కి చెదిరిపోతుందని పుస్తకంలో ఉంది. నేను మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. బుడగ శత్రువు, తరిమేయాలి. ఇదే మాట నేనూ నా పిల్లలకు రిటైరయ్యే దాకా చెప్పాను.

ఈ క్వార్ట్జ్ పలక కథ పాతదే. కొన్ని స్ఫటికాలను నొక్కితే కరెంటు పుడుతుందని 1880లో ఫ్రాన్స్‌లో క్యూరీ సోదరులు కనిపెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాములను పట్టుకోవడానికి అక్కడే లాంజ్‌విన్ దీన్ని తిరగేసి వాడాడు. స్ఫటికానికి కరెంటు ఇచ్చి నీళ్ళలోకి ధ్వని పంపాడు. ఆ ధ్వని దారిలో పడిన చేపలు చచ్చిపోయాయి. నీళ్ళలో చెయ్యి పెడితే నొప్పి పుట్టింది. 1927లో అమెరికాలో వుడ్, లూమిస్ అనే ఇద్దరు ఇదే పనిని మరింత శక్తితో చేసి చూస్తే చిన్న చేపలు, కప్పలు చచ్చాయి, ఎర్ర రక్తకణాలు పగిలిపోయాయి. అంటే అతిధ్వని గురించి లోకానికి ముందుగా తెలిసింది అది చేసే మేలు కాదు, హాని. ఆ హానిలో పెద్ద వాటా బుడగలదే. ధ్వని ఒత్తిడి తగ్గినప్పుడు ద్రవంలో బుడగ పొంగుతుంది, పెరిగినప్పుడు కుప్పకూలుతుంది. కూలేటప్పుడు తన చుట్టూ ఉన్నదాన్ని చీలుస్తుంది.

తెలుగు నేల మీద ఈ శాస్త్రానికి పునాది వేసినవారిలో సూరి భగవంతం గారు ముఖ్యులు. 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు, హైదరాబాదు నిజాం కాలేజీలో చదివారు. రామన్ ఫలితం వెలువడిన 1928లోనే కలకత్తా వెళ్ళి రామన్ దగ్గర చేరారు. తరవాత వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఫిజిక్స్ విభాగాన్ని నిలబెట్టారు. ద్రవంలో అతిధ్వని నడిచేటప్పుడు దాని మీద కాంతి పడితే గీతల తెర మీద పడినట్టు విడిపోతుందని 1932లో డిబై, సియర్స్ చూపించారు. ఎందుకలా అవుతుందో 1935, 36ల్లో రామన్, నాగేంద్రనాథ్ లెక్క కట్టారు. భగవంతం గారు, బి. రామచంద్రరావు గారు వాల్తేరులో ఈ పద్ధతిని స్ఫటికాల మీదికి మళ్ళించారు. స్ఫటికంలోకి అతిధ్వని పంపి, దాని వేగాన్ని బట్టి ఆ పదార్థం ఎంత గట్టిదో, ఎంత సాగుతుందో చెప్పేవారు.

ఆ తరవాత భగవంతం గారు మన ఉస్మానియాకు వచ్చారు. 1952 నుంచి 1957 దాకా వైస్ చాన్సలర్‌గా ఉన్నారు. ఉర్దూ మాధ్యమంలో పుట్టిన విశ్వవిద్యాలయం ఇంగ్లీషుకు మారుతున్న రోజులవి. ఇక్కణ్ణుంచి బెంగుళూరు ఐ.ఐ.ఎస్సీ.కి డైరెక్టరుగా, ఆపైన రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా వెళ్ళారు. డి.ఆర్.డి.ఎల్., డి.ఎం.ఆర్.ఎల్. లాంటి రక్షణ ప్రయోగశాలలు హైదరాబాదులో వెలసింది ఆ కాలంలోనే. ఆ డి.ఆర్.డి.ఎల్.కు తరవాత డైరెక్టరైన అబ్దుల్ కలాం గారు 1990లలో డాక్టర్ బి. సోమరాజు గారితో కలిసి చవకైన గుండె స్టెంటు తయారు చేయించారని మీకందరికీ తెలుసు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. భగవంతం గారు గుండె మీద గానీ మందుల మీద గానీ పని చేయలేదు. మనవాళ్ళను పొగిడే ఉత్సాహంలో లేని ఘనత అంటగట్టడం నాకు ఇష్టం లేదు. ద్రవంలో, ఘనంలో అతిధ్వని ఎలా నడుస్తుందో కొలిచే అలవాటును ఒక తరానికి నేర్పారు. మా ల్యాబులోని ఆ స్టీలు గిన్నె కూడా ఆ అలవాటులో భాగమే.

గుండె దాకా అతిధ్వనిని తీసుకెళ్ళింది స్వీడన్ వాళ్ళు. లుండ్‌లో ఇంగే ఎడ్లర్ గుండె డాక్టరు, హెల్ముట్ హెర్ట్జ్ భౌతిక శాస్త్రజ్ఞుడు. మాల్మో ఓడల కర్మాగారంలో ఇనుప రేకుల లోపల పగుళ్ళు వెతికే యంత్రాన్ని హెర్ట్జ్ తన ఛాతీ మీద పెట్టి చూసుకున్నాడు. గుండె కదలిక తెర మీద కనిపించింది. తరవాత సీమెన్స్ నుంచి తెచ్చుకున్న యంత్రంతో 1953 అక్టోబరు 29న మొదటి రికార్డు తీశారు. ఇవాళ మనమంతా డయాగ్నొస్టిక్ సెంటర్లో పొద్దున్నే వరసలో కూర్చుని తీయించుకునే ‘ఎకో’ అదే.

బుడగ మళ్ళీ వేదిక మీదికి వచ్చింది 1968లో. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో గ్రామియాక్, ప్రవీణ్ షా అనే ఇద్దరు, రోగి గుండెలోకి ఒక రంగు మందు ఎక్కిస్తూ ఎకో తీస్తుంటే, తెర మీద తెల్లటి మేఘం లేచింది. అది రంగు వల్ల వచ్చింది కాదు, ఇంజెక్షనుతో పాటు వెళ్ళిన సన్నటి బుడగల వల్ల వచ్చింది. మా గిన్నెలో ముల్లును చెడగొట్టిన గుణమే, అంటే ధ్వనిని వెనక్కి చెదరగొట్టడమే, ఇక్కడ రక్తం ఎటు పోతున్నదో చూపించే దీపమైంది. గుండె గదుల మధ్య గోడకు రంధ్రం ఉందేమోనన్న అనుమానం వస్తే, రెండు సిరంజీల మధ్య సెలైన్‌ను, కొద్దిపాటి గాలిని అటూ ఇటూ గిలక్కొట్టి నరంలోకి ఎక్కించి చూడడం నేటికీ ఉంది. ఆ బుడగలు ఊపిరితిత్తులు దాటలేవు, కాబట్టి ఎడమ పక్క కనిపించాయంటే రంధ్రం ఉన్నట్టు. 1990లకు ఇంకాస్త గట్టి బుడగలు వచ్చాయి. వాటికి ఆల్బుమిన్ పొరో కొవ్వు పొరో ఉంటుంది, లోపల త్వరగా కరగని వాయువు ఉంటుంది. ఎర్ర రక్తకణం కన్నా చిన్నవి కాబట్టి ఊపిరితిత్తులు దాటి గుండె కండరంలోని సన్నటి నాళాల దాకా పోతాయి.

ఇక్కడ ఒక లెక్క. చెంబులోంచి నీళ్ళు వంపితే గలగలమని వినిపించేది నీళ్ళ చప్పుడు కాదు, అందులో చిక్కిన బుడగల చప్పుడు. ఎంత బుడగ ఏ స్వరంలో మోగుతుందో 1933లో మిన్నార్ట్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు సూత్రం రాశాడు. ఆ సూత్రంలో 2 మెగాహెర్ట్జ్ వేసి చూస్తే, బుడగ వ్యాసం దాదాపు 3 మైక్రాన్లు వస్తుంది. ఇవాళ రక్తంలోకి ఎక్కించే బుడగలు ఇంచుమించు ఆ సైజువే. పొర ఉన్న బుడగకు లెక్క కొంచెం మారుతుంది గానీ చాలా దూరం పోదు. మా గిన్నెలో మోగిన స్వరానికే రక్తంలోని బుడగ బాగా ఊగుతుందన్నమాట. రిటైరయ్యాక ఒక సాయంత్రం ఈ లెక్క వేసుకుని, కాగితం వంక చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఇక మన మిత్రుడి సంగతి. రాత్రి పదకొండింటికి ఛాతీలో బరువుగా ఉందన్నాడు. గ్యాస్ అనుకున్నాడు. సోడా తాగి పడుకున్నాడు. మూడు గంటల తరవాత చెమటలు పట్టాక గానీ ఆసుపత్రికి వెళ్ళలేదు. అక్కడివాళ్ళు ఆలస్యం చేయలేదు. రక్తనాళంలో గడ్డ తీసి స్టెంటు వేశారు. ఫిల్ములో పెద్ద నాళం శుభ్రంగా తెరుచుకుని కనిపించింది. అయినా రంగు మందు కండరంలోకి దిగలేదు. మూడో రోజు పోయాడు. డాక్టరు గారు హైదరాబాదీ భాషలోనే చెప్పారు: ‘‘పెద్ద రోడ్డు తెరిచాం సార్, గల్లీలు తెరుచుకోలేదు.’’ గుండెపోటులో ఇది అరుదు కాదు. గడ్డ ముక్కలు, వాపు, చిన్న నాళాలు బిగుసుకుపోవడం, ఇవన్నీ కలిసి గల్లీలను మూసేస్తాయి. స్టెంటు అంత లోపలికి పోలేదు. మరి మందు?

గడ్డను కరిగించే మందులు మనకు కొత్త కాదు. స్ట్రెప్టోకైనేజ్ గుణాన్ని 1933లో టిలెట్ గుర్తించాడు. 1986లో ఇటలీలో 11 వేల మందికి పైగా రోగులతో చేసిన పరీక్షలో, అది ఇచ్చినవారిలో 21 రోజుల్లో 10.7 శాతం, ఇవ్వనివారిలో 13 శాతం చనిపోయారు. ఇందులో మన తార్నాకకూ చిన్న వాటా ఉంది. 1990లలో ఉస్మానియా ల్యాబులో, ఆపైన ఉప్పల్ రోడ్డు మీది సి.సి.ఎం.బి.లో పరిశోధన మొదలుపెట్టిన శాంతా బయోటెక్నిక్స్, హెపటైటిస్-బి టీకా తరవాత స్ట్రెప్టోకైనేజ్‌ను కూడా తయారు చేసింది. చిక్కేమిటంటే, ఆ మందు ఒళ్ళంతా తిరుగుతుంది. గడ్డ దగ్గర పని చేసినట్టే మెదడులోనూ పని చేసి రక్తస్రావం తేవచ్చు. మోతాదు పెంచలేం. మూసుకుపోయిన గల్లీలోకి అది వెళ్ళడమూ కష్టమే.

తార్ అంటే తీగ కంచె, నాకా అంటే కావలి, నిజాం కాలంలో ఇక్కడి తోటకు కంచె వేసి కావలి పెట్టారు కాబట్టి తార్నాక అయిందని మన పెద్దవాళ్ళు చెప్పేవారు. రక్తనాళం లోపలి పొర సరిగ్గా అలాంటి కావలే. ఏది కండరంలోకి పోవాలో, ఏది పోకూడదో అది చూసుకుంటుంది. పెద్ద పెద్ద మందు అణువులను, జన్యువులను పోనివ్వదు. బుడగ చేసేది ఈ నాకా దగ్గర. మందును బుడగ పొరకు అంటిస్తారు, లేదా బుడగలతో పాటు రక్తంలో కలుపుతారు. బయటి నుంచి గుండె మీదికి మాత్రమే అతిధ్వని గురిపెడతారు. తక్కువ శక్తితో అయితే బుడగ పొంగుతూ కుంగుతూ నాళం గోడను తోస్తుంది, పక్కన ద్రవంలో సుడులు లేపుతుంది. శక్తి పెంచితే పగులుతుంది, సన్నటి నీటి ధార సూదిలా గోడను గుచ్చుతుంది. కణాల పొరలో చిన్న చిన్న రంధ్రాలు పడి, కాసేపటికి మళ్ళీ పూడుకుపోతాయి. ఆ కాసేపట్లోనే మందు లోపలికి దాటాలి. ధ్వని పడని చోట బుడగ ఊరికే తిరిగి, నిమిషాల్లో కరిగిపోతుంది. వుడ్, లూమిస్ చేపలను చంపింది ఏ గుణమో ఇదీ అదే, పగ్గం వేశారంతే.

1995లో జపాన్‌లోని ఫుకువోకాలో తాచిబానాలు ఇద్దరు, ఆల్బుమిన్ బుడగలు కలిపితే అతిధ్వని సాయంతో గడ్డ మరింత త్వరగా కరుగుతుందని గాజు పాత్రల్లో చూపించారు. 2000లో అమెరికాలో షోహెట్, గ్రేబర్న్ బృందం ఇంకో అడుగు వేసింది. ఒక గుర్తు జన్యువును వైరస్‌లో పెట్టి, దాన్ని బుడగలకు అంటించి ఎలుకల నరంలోకి ఎక్కించారు. గుండె మీద ఎకో ధ్వనితో బుడగలు పగలగొట్టిన ఎలుకల్లో ఆ జన్యువు గుండె కండరంలో బాగా పని చేసింది. మన ఐ.ఐ.సి.టి.లో అరబింద చౌధురి గారి బృందం లిపిడ్లతోనే జన్యువులను కణాల్లోకి చేర్చే పని ఏళ్ళ తరబడి చేసింది. అందులో అతిధ్వని లేదు, అది వేరే దారి. కానీ ఎదురైన నాకా అదే.

ఎలుక దాటినంత సులువుగా మనిషి దాటలేదు. ఇక్కడ అందరూ ఉత్సాహం చూపిస్తారు గానీ, దెబ్బలు తిన్న సంగతి చెప్పరు. మెదడు పోటులో గడ్డ కరిగించే మందుతో పాటు తక్కువ పౌనఃపున్యం ఉన్న అతిధ్వని వాడిన ఒక జర్మన్ పరీక్షను, రక్తస్రావాలు ఎక్కువై 26 మంది రోగులతోనే ఆపేయాల్సి వచ్చింది. 2004లో 2 మెగాహెర్ట్జ్ ధ్వనితో చేసిన మరో పరీక్ష ఆశ పుట్టించింది, తరవాత పెద్దగా చేసిన పరీక్షలో ఆ లాభం నిలవలేదు. 2007లో అమెరికా ఎఫ్.డి.ఎ. ఎకో బుడగల మీద తీవ్రమైన హెచ్చరిక ముద్ర వేయించి, మరుసటి ఏడాది కొంత సడలించింది. ఊపిరితిత్తుల గడ్డకు, కొసన అతిధ్వని పుట్టించే సన్నటి గొట్టాన్ని లోపలికి పంపి అక్కడే మందు వదిలే పద్ధతికి 2014లో అనుమతి వచ్చింది. అది వాడుకలో ఉంది. అయితే ధ్వని లేని మామూలు గొట్టంతో పోల్చి చూసిన ఒక పరీక్షలో ధ్వని వల్ల అదనపు మేలు కనబడలేదు. నా లెక్కన అది మందును దగ్గర వదిలిన ఫలితం, ధ్వని ఘనత ఎంతో ఇంకా తేలాలి. గుండె విషయంలో ఇబ్బందులు వేరు. పక్కటెముకలు, ఊపిరితిత్తులు ధ్వనికి అడ్డం. గుండె ఆగకుండా కదులుతుంది. తప్పు క్షణంలో బుడగ పగిలితే లయ తప్పుతుంది. ఇక ఒక్కో బుడగ పొర మీద పట్టే మందు ఎంతని!

మనిషి గుండెలో గట్టిగా నిలిచిన ఫలితం నాకు తెలిసి 2019 నాటిది. బ్రెజిల్‌లోని సావోపాలోలో విల్సన్ మతియాస్ బృందం, పెద్ద గుండెపోటుతో వచ్చిన 100 మందిని రెండు సగాలు చేసింది. అందరికీ మామూలుగానే స్టెంటు చికిత్స చేశారు. ఒక సగానికి మాత్రం స్టెంటుకు ముందూ తరవాతా బుడగలు ఎక్కిస్తూ, మామూలు ఎకో యంత్రంతోనే శక్తి పెంచి ధ్వని ఇచ్చారు. బుడగలకు మందేమీ అంటించలేదు, ఊగడమే వాటి పని. స్టెంటు వేయకముందే నాళం తెరుచుకున్నవారు ఆ సగంలో 48 శాతం, రెండో సగంలో 20 శాతం. చచ్చిపోయిన కండరం కూడా తక్కువే. వంద మంది అంటే చిన్న పరీక్షే. మందు మోసుకెళ్ళే బుడగ గుండెపోటుకు ఇంకా మన ఆసుపత్రుల్లో మామూలు వైద్యం కాలేదు. ఎవరైనా డబ్బు తీసుకుని చేస్తామంటే నమ్మకండి.

ఈ వ్యాసం చిత్తుప్రతి మిత్రుడి తమ్ముడికి చదివి వినిపించాను. అతనూ మన బడివాడే, నాలుగేళ్ళు జూనియర్. చివరిదాకా విని, ‘‘అన్నా, ఇది అప్పుడుంటే అన్నయ్య బతికేవాడా?’’ అన్నాడు.

‘‘యాభై మందిలో ఇరవై నలుగురికి స్టెంటుకు ముందే తెరుచుకుంది రా. ఇరవై ఆరుగురికి తెరుచుకోలేదు. వాడు ఎటు పడేవాడో నేను చెప్పలేను’’ అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తరవాత, ‘‘ఆ మూడు గంటలు పోకుండా ఉంటే?’’ అన్నాడు.

దానికి బుడగ అక్కర్లేదు. ఆ మాట అతనికి చెప్పలేకపోయాను. వాళ్ళింట్లో ఆ రాత్రి ఫోన్ చేసింది నాకే. ‘‘గ్యాసేమో, పొద్దున్న చూద్దాం’’ అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.